కరగకూడని పొడి

కంటిలో శుక్లం తీయించుకున్నాక పది రోజులపాటు దుమ్ములోకి వెళ్లొద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. గున్నేశ్వరరావు తొమ్మిదో రోజు పొద్దున్నే నల్లకళ్లద్దాలు తగిలించుకుని, కడియం వెళ్లే రోడ్డులో ప్లాస్టిక్కు షీట్ల ఫ్యాక్టరీ ముందు ఆటో దిగాడు. ఆ ఒక్క రోజూ ఇంట్లో కూర్చుని ఉంటే ఏమయ్యేదో తరవాత తలచుకున్న ప్రతిసారీ ఆయనకు ఒళ్లు మండుకొచ్చేది. డాక్టరు మీద కాదు, ఫ్యాక్టరీలో ఉన్న మిగతా ఇరవై ఆరుమంది మీద.

గేటు దాటాడో లేదో ముక్కుకి ఘాటు తగిలింది.

"ఎవరండీ ఇక్కడ ఎరువుల కొట్టు తెరిచింది?" అని షెడ్డు అదిరేలా అరిచాడు.

మెషీన్ దగ్గరున్న అశోక్ బెదిరిపోయాడు. "ఎరువులేంటండి మేస్త్రిగారూ? షీటు నడుస్తోందండి."

"షీటు నడుస్తోందని కనపడుతూనే ఉంది. అమ్మోనియా కంపు కొడుతోంది కదయ్యా! నీ ముక్కేమైంది, ఎవరికైనా అద్దెకిచ్చావా?"

"నాలుగు రోజుల్నించీ ఇలాగే ఉందండి. మాకు అలవాటైపోయిందండి."

"అలవాటైపోయిందట!" గున్నేశ్వరరావు ఎర్రబటను నొక్కి మెషీన్ ఆపేశాడు. ఆయన అనుమతి లేకుండా ఆ మెషీన్ నడపగలరేమో గానీ, ఆయన ఆపిన మెషీన్ని మళ్లీ నడపగల మొనగాడు ఆ షెడ్డులో లేడు.

ఆ ముక్కుకి ముప్పై తొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. మండపేట దగ్గర పల్లెటూళ్లో, పెంకుటింటి బడిలో పదో తరగతి దాకా చదివినవాడు గున్నేశ్వరరావు. లెక్కల్లో తొంభై ఒకటి వచ్చాయి. ఆ మార్కుల కాగితం ఇప్పటికీ ప్లాస్టిక్కు కవరులో భద్రంగా ఉంది. ఇంటరు చదివించే ఓపిక నాన్నకి లేకపోవడంతో కొన్నేళ్లు ఊళ్లోనే కూలిపనులు చేసి, ఇరవై మూడో ఏట కేబుల్ ఫ్యాక్టరీలో మూటలు మోసే పనికి కుదిరాడు. మూడేళ్లలో మెషీన్ ఎక్కాడు. ఆరేళ్లలో షిఫ్టుకి పెద్ద అయ్యాడు. ప్లాస్టిక్కుని కరిగించి పొడులతో కలిపే రెండు స్క్రూల మెషీన్ అంటే ఏమిటో గోదావరికి ఇటూ అటూ ఎవరికీ తెలియని రోజుల్లో, బొంబాయి నుంచి వచ్చిన ఇంజనీరు వారం రోజులు తంటాలుపడి వదిలేసినదాన్ని ఒక్క మధ్యాహ్నంలో నడిపించాడు. ఆ ఇంజనీరు అందరి ముందూ షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. రసాయనాల పేర్లు ఇంగ్లీషులో నోరు తిరక్కపోతే తెలుగులో రాసుకుని బట్టీ పట్టాడు. అలాంటి నోటు పుస్తకాలు పదకొండు నిండాయి. ఎమ్మెస్సీ చదివినవాళ్లు ఇప్పుడు వాటిని అడిగి పట్టుకెళ్తారు, తిరిగివ్వడం మాత్రం మరిచిపోతారు.

అయితే ఆయన జీవితాన్ని ఒక వైపు తిప్పింది ఈ ఘనతలేవీ కాదు. ఆ కేబుల్ ఫ్యాక్టరీలో ఓ మధ్యాహ్నం పీవీసీ వైర్ల చుట్టలు అంటుకున్నాయి. ఇసుక పోసి పావుగంటలో ఆర్పేశారు. ఎవరికీ చిన్న బొబ్బ కూడా లేదు. అంతా అయిపోయిందనుకుని, కిటికీలు తెరుద్దామని తోటి ఆపరేటరు విజయ్ పాల్ లోపలికి వెళ్లాడు. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. కాలితే అది ఆమ్లపు పొగై, ఊపిరితిత్తుల్లో తడి తగలగానే పని మొదలుపెడుతుంది. విజయ్ పాల్ ఆ రోజు తన కాళ్ల మీద తనే బయటికి వచ్చాడు, నవ్వాడు కూడా. ఈనాటికీ ఇంటి మెట్లు పన్నెండు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు కూర్చుంటాడు.

అప్పటి నుంచీ గున్నేశ్వరరావుకి ఒకటే పట్టుదల. ప్లాస్టిక్కు అంటుకోకూడదు, అంటుకోకుండా చేయడానికి అందులో క్లోరిన్, బ్రోమిన్ లాంటి విషప్పొగ సరుకు కలపకూడదు. శశిభూషణ్ గారు పెనుగొండలో తాతల నాటి బట్టల వ్యాపారం తమ్ముడికి అప్పగించి ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు, పీవీసీ చేద్దామన్న మనిషిని కూర్చోబెట్టి మూడు గంటలు మాట్లాడి ఇటు తిప్పింది గున్నేశ్వరరావే. మొదట అల్యూమినియం హైడ్రాక్సైడ్ వాడారు. వేడి తగిలితే తనలోని నీటిని వదిలి మంటని చల్లారుస్తుంది. మంచిదే. కానీ నూటికి అరవై పాళ్లు పోస్తే గానీ పనిచేయదు, అంత పోస్తే షీటు అప్పడంలా విరుగుతుంది. తరవాత అమ్మోనియం పాలీఫాస్ఫేట్‌కి వచ్చారు. దానికి తోడు ఇంకో రెండు పొడులు.

దాని సంగతి ఎవరడిగినా ఆయన ఒకేలా చెప్పేవాడు. "అరిసెల పాకం పొంగి పొయ్యి మీద పడిందనుకోండి. ఏమవుతుంది? నల్లగా నురగలా ఉబ్బి, బొగ్గు తొక్కలా గట్టిపడుతుంది. దాని కింద ఏమున్నా మాడదు. ఇదీ అంతే. మంట తగలగానే ఫాస్ఫేటు ఆమ్లం అవుతుంది, రెండో పొడిని బొగ్గు చేస్తుంది, మూడో పొడి గాలి ఊది ఉబ్బిస్తుంది. షీటు తన దుప్పటి తనే కప్పుకుంటుందండి. మంటకి గాలి అందదు. ఆరిపోతుంది."

ఇప్పుడు నడుస్తున్నవి మామూలు షీట్లు కావు. రాజమహేంద్రవరంలో కొత్తగా కడుతున్న పిల్లల ఆసుపత్రిలో మంచాల మధ్య అడ్డుగోడలకి వెళ్లేవి. మూడు వందల ఎనభై షీట్లు. అరవై సోమవారమే వెళ్లిపోయాయి, ఒక గదిలో బిగించేశారు కూడా. మిగిలినవాటికి శనివారం లారీ. ఇవాళ బుధవారం.

గున్నేశ్వరరావు తయారైన షీటు మీద చెయ్యి పెట్టాడు. బంకబంకగా ఉంది. వెలుతురుకి పట్టి చూస్తే సన్నటి బుడగలు. షీటు చంకలో పెట్టుకుని ల్యాబుకి నడిచాడు.

ల్యాబులో హేమశ్రీ ఉంది. రాజమహేంద్రవరంలోనే ఎమ్మెస్సీ చేసి ఏడాది క్రితం చేరింది. ఆయన్ని చూడగానే లేచి, "బాబాయిగారూ, కన్ను ఎలా ఉందండి? మన షీటు పాసైపోయిందండి! మంట తీసిన మూడో సెకనుకే ఆరిపోయింది. కింద దూది చెక్కుచెదరలేదు," అంది.

"కన్ను సంగతి తరవాతమ్మా. నీళ్లలో నానబెట్టి కాల్చావా?"

"అది ఏడు రోజుల పరీక్ష కదండి. లారీ శనివారం అన్నారు. రిపోర్టులో నానబెట్టింది అడగలేదండి."

"రిపోర్టు అడగదమ్మా, దానికి నోరుందా? ఆసుపత్రి గోడని రోజూ తడిగుడ్డేసి తుడుస్తారు. నువ్వు కాల్చింది ఎండు ముక్కని."

హేమశ్రీ మొహం చిన్నబుచ్చుకుంది. "నేనడిగానండి. శశిభూషణ్ గారు వద్దన్నారు. మీరున్నప్పుడు ఆయన వద్దనరు. నేనడిగితే అంటారు. నేనేం చెయ్యనండి?"

ఏ పొడి వాడారో చూద్దామని ఆయన విసురుగా స్టోర్సుకి బయల్దేరాడు. వెనకే ఆ పిల్ల కూడా వచ్చింది.

స్టోర్సు చూసే మురళీకృష్ణ చేరి నాలుగు నెలలైంది. మంచి కుర్రాడు, కాలవ కింద నాలుగెకరాల వరి సేద్యం చేసే ఇంటి నుంచి వచ్చాడు. పాత స్టోర్సు గుమస్తా రిటైరయ్యాక అతను చేతికి తీసుకున్న మొదటి ఫాస్ఫేటు లోడు ఇదే.

"రండి మేస్త్రిగారూ! మీరు లేరుగానండి, ఎంత మోసం జరగబోయిందో! పాత కంపెనీవాడు ఈసారి నకిలీ సరుకు పంపాడండి. నలభై బస్తాలు. పట్టేసి వెనక్కి తోలేశాను. డీలరు నోరెత్తకుండా వేరే రకం పంపాడు. ఫస్టుక్లాసు సరుకండి."

గున్నేశ్వరరావు తెరిచి ఉన్న బస్తాలోంచి పిడికెడు పొడి తీశాడు. "నకిలీదని నీకెలా తెలిసిందయ్యా?"

"గ్లాసు నీళ్లలో వేశానండి. కరగలేదు. అంతా అడుక్కి దిగిపోయింది, సున్నప్పిండిలా. ఇది చూడండి, వేస్తే మంచినీళ్లలా కరిగిపోయింది!"

హేమశ్రీ తల పట్టుకుంది. "అయ్యో మురళీగారూ! కరగకూడదండీ! కరగనిదే మనకి కావలసింది. అణువుల గొలుసులు పొడుగ్గా ఉండే సరుకు అది. పొట్టి గొలుసులది కరిగిపోతుంది, మెషీన్ వేడికే అమ్మోనియా వదిలేస్తుంది. ఎరువులకి వాడేదది!"

"ఎరువైతే కరగాలి కదండీ మరి?"

"ఇది ఎరువు కాదయ్యా బాబూ!" గున్నేశ్వరరావు చేతిలో పొడిని తిరిగి బస్తాలోకి విసిరాడు. "గోడ తుడిచిన ప్రతిసారీ ఇంత ఇంత కరిగి బకెట్టులోకి పోతుంది. ఆర్నెల్లకి షీట్లో ఏం మిగులుతుంది? ఉత్త ప్లాస్టిక్కు. పిల్లల మంచాల పక్కన! ఎవడు చెప్పాడయ్యా నీకు, ఫాస్ఫేటుని గ్లాసులో వేసి చూడమని? ఏ మహానుభావుడు చెప్పాడు?"

మురళీకృష్ణ మెల్లిగా గోడ వైపు చూశాడు. ఆపరేషన్ చేసిన కంటికి ఆ అక్షరాలు మహా స్పష్టంగా కనిపించాయి. తెల్లబోర్డు మీద నీలం సిరాతో: "సరుకు దించేముందు గ్లాసు నీళ్ల పరీక్ష తప్పనిసరి. గున్నేశ్వరరావు గారి పద్ధతి."

వేసవిలో ఓ రోజు టీ దగ్గర జరిగింది గున్నేశ్వరరావుకి గుర్తొచ్చింది. కొత్త కుర్రాడు నోరు తెరుచుకుని వింటున్నాడు కదా అని, వయసులో ఉన్నప్పుడు మండపేటలో కల్తీ డీఏపీ ఎరువు అమ్మిన కొట్టువాణ్ణి గ్లాసు నీళ్లతో పట్టించిన వైనం చెప్పాడు. ఊరు ఊరంతా తనని మెచ్చుకుందన్నాడు. అది నిజమే. "ఏ పొడైనా సరే, గ్లాసు నీళ్లలో వెయ్యి. కరిగితే సరుకు, మిగిలితే మట్టి. నన్ను మోసం చేసినవాడు ఇంకా పుట్టలేదు," అన్నాడు. అలా అన్నది కూడా నిజమే. 'ఏ పొడైనా' అని అనకుండా ఉండాల్సింది.

ఆ బోర్డు సంగతి తనకెవరూ చెప్పలేదేమని అడగబోయి ఆగిపోయాడు. ఈ నాలుగు నెలల్లో స్టోర్సులోకి కనీసం ఇరవైసార్లు వచ్చాడు. బోర్డు మీద తన పేరుందని తెలుసు. పేరు చూసుకున్నాడు గానీ పైన ఏముందో చదవలేదు.

శశిభూషణ్ గారు సంగతంతా విని ల్యాబు రిపోర్టు ముందుకి తోశారు. "పాసైంది కదండీ గున్నేశ్వరరావు గారూ."

"ఎండుగా పాసైంది బాబుగారూ."

"ఆసుపత్రి ఇంజనీరు అడిగిన పరీక్ష పాసైంది. ఆయన అడగని పరీక్ష మనమెందుకు చేసుకోవాలి? శనివారం లారీ ఎక్కించకపోతే వాళ్లు వేరేవాళ్ల దగ్గరికి పోతారు."

"శనివారం పొద్దుటిదాకా ఆగండి. నానబెట్టిన ముక్క మీ కళ్ల ముందు కాలుస్తాను. ఆరిపోతే లారీకి నేనే జెండా ఊపుతాను. అంటుకుంటే మీరు ఆపాలి."

శశిభూషణ్ గారు నిట్టూర్చారు. "మీతో వాదించడం నా వల్ల కాదండి. శనివారం తొమ్మిది గంటలకి."

ఏడు రోజుల పరీక్షకి మూడు రోజులే ఉన్నాయి. ల్యాబులో వేడినీళ్ల తొట్టె సాయంత్రం ఆరింటికి కట్టేస్తారు. నీళ్లు మాత్రం రాత్రింబగళ్లు వేడిగా ఉండాలి. అందుకని గున్నేశ్వరరావు పది ముక్కలు కోయించి, ఐదు హేమశ్రీ దగ్గర ఎండుగా ఉంచి, ఐదు ధవళేశ్వరంలో తన ఇంటికి పట్టుకెళ్లాడు. గీజరు నీళ్లు పట్టి, ప్లాస్టిక్కు బకెట్టులో ముంచి, పైన దుప్పటి కప్పాడు.

గురువారం పొద్దున భార్య జగదాంబ స్నానాల గది ముందు నడుముకి చేతులు పెట్టుకుని నిలబడింది. "నిన్నట్నించీ గీజరు ఆగలేదు. ఎవరికండీ ఇన్ని వేణ్ణీళ్లు? ఆ ముక్కలకా? నలుగు పెట్టి తలంటు కూడా పోసెయ్యకపోయారా!"

"నువ్వు ఊరుకోవే. నీళ్లు చల్లారితే పరీక్ష పాడైపోతుంది."

"పది రోజులు దుమ్ములోకి వెళ్లొద్దంటే తొమ్మిదో రోజుకే పరిగెత్తారు. కంట్లో చుక్కలు వేసుకునే టైముకి బకెట్టు ముందు కూర్చుంటున్నారు. ఇంతకీ ఎవరు చేశారండీ ఆ తప్పు?"

గున్నేశ్వరరావు దుప్పటి సర్దుతూ, "స్టోర్సు కుర్రాడు," అన్నాడు.

"పాపం, చిన్నవాడేమో. ఎవరైనా పెద్దవాళ్లు చెప్పొద్దూ?"

ఆయన కంట్లో చుక్కలు వేయించుకుని పడుకున్నాడు. మాట్లాడకపోవడం ఆయన అలవాట్లలో లేదు కాబట్టి జగదాంబ రెండుసార్లు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

శనివారం తొమ్మిదికి లారీ షెడ్డు ముందు నిలబడి ఉంది. శశిభూషణ్ గారు కుర్చీ వేయించుకున్నారు. హేమశ్రీ ముందు ఎండుముక్క పట్టుకుంది. కింద దూది పెట్టి, పది సెకన్లు మంట చూపించింది. ముక్క నల్లగా ఉబ్బింది, మంట ఆరిపోయింది. శశిభూషణ్ గారు "ఊఁ," అన్నారు.

తరవాత బకెట్టులోది. తుడిచి, ఆరబెట్టి, అదే మంట. ముక్క ఉబ్బలేదు. పసుపు మంట పైదాకా ఎగబాకింది. కరిగిన బొట్టు ఒకటి మండుతూ కింద పడింది. దూది భగ్గుమంది. రెండో ముక్కా అంతే. మూడోదానికి శశిభూషణ్ గారు చెయ్యెత్తి, "చాలమ్మా," అన్నారు.

లారీ డ్రైవరు దగ్గరికొచ్చి, "ఎక్కించమంటారా, వెళ్లమంటారా?" అని అడిగాడు.

"వెళ్లు బాబూ," అని శశిభూషణ్ గారు మురళీకృష్ణ వైపు తిరిగారు. "ఏమయ్యా! మంచి సరుకు వెనక్కి పంపి చెత్త దించుకోమని నీకెవరు చెప్పారు? ఎవరినడిగి చేశావు?"

మురళీకృష్ణ తల వంచుకున్నాడు. "నాకే తోచిందండి. తప్పు నాదేనండి."

"రేపట్నించి రావక్కర్లేదు."

గున్నేశ్వరరావు స్టోర్సు గుమ్మంలోంచి లోపలికి చూశాడు. గోడ మీద బోర్డు లేదు. మేకు మాత్రం ఉంది. ఈ కుర్రాడు బోర్డు తీసి ఎక్కడో దాచేశాడు! పెద్దాయన పరువు కోసం తన ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డాడు! ఆయనకి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆ కోపంలో పావు వంతు కుర్రాడి మీద. మిగతాది ఎవరి మీదో ఆయనకి బాగా తెలుసు. నెలాఖరుకి రిటైర్మెంటు. శాలువా, సభ, శశిభూషణ్ గారు స్వయంగా చదవబోయే సన్మానపత్రం. ఇప్పుడు నోరు మూసుకుంటే అవన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. కుర్రాడికి ఇంకెక్కడో పని దొరకదా అని ఒక్క క్షణం అనిపించింది కూడా.

"ఆ బోర్డు ఏదయ్యా?" అన్నాడు.

"ఏ బోర్డండి?"

"నాతో నాటకాలొద్దు మురళీ. తీసుకురా."

మురళీకృష్ణ కదల్లేదు. హేమశ్రీ వెళ్లి బస్తాల వెనక నుంచి బోర్డు తెచ్చింది. శశిభూషణ్ గారు చదివారు. మళ్లీ చదివారు. "మీ పద్ధతా?"

"నాదేనండి. నేనే చెప్పాను. డీఏపీకి చెప్పాల్సిన ముక్క ఏ పొడికైనా అని చెప్పాను. గొప్పకి చెప్పాను. వాడు నమ్మాడు, బోర్డు కట్టాడు. నేను ఇరవైసార్లు చూశాను, తియ్యలేదు. పంపాలంటే నన్ను పంపండి. వాడు లెక్క ప్రకారం చెప్పిన పనే చేశాడు."

శశిభూషణ్ గారు బోర్డు మోకాళ్ల మీద పెట్టుకుని వేళ్ల మీద లెక్క వేసుకున్నారు. చివరికి, "మూడు వందల ఎనభై షీట్లండి," అన్నారు. "ఇంకో నెల పడుతుంది. ఆ ఇంజనీరుకి నేనేం చెప్పను?"

"నేను చెబుతానండి."

ఫోన్లో ఇంజనీరు మొదట నమ్మలేదు. పాసైన రిపోర్టు తన దగ్గరుంటే బిగించిన షీట్లు విప్పడం ఏంటని విసుక్కున్నాడు. తడిగుడ్డ వాడకుండా పొడి గుడ్డతో తుడిపిస్తే సరిపోదా అని కూడా అడిగాడు. గున్నేశ్వరరావుకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "పిల్లలు పక్క తడుపుతారండి! పాలు ఒలకబోస్తారు! పొడి గుడ్డతో ఎలా తుడుస్తారండి?" అని అరిచాడు. మధ్యాహ్నం మురళీకృష్ణని వెంటబెట్టుకుని తనే వెళ్లాడు. నల్లకళ్లద్దాలతో నిచ్చెనెక్కి మొదటి మర తనే ఊడదీశాడు. సాయంత్రానికి అరవై షీట్లూ కిందికి దిగాయి.

మురళీకృష్ణ ఉద్యోగం పోలేదు. గున్నేశ్వరరావు రిటైర్మెంటు మాత్రం నెల వాయిదా పడింది. కొత్త షీట్లు వెళ్లేదాకా ఇంటి మొహం చూడడానికి వీల్లేదని శశిభూషణ్ గారు తేల్చి చెప్పారు. అది శిక్షో గౌరవమో గున్నేశ్వరరావు అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పాత కంపెనీ బస్తాలు తిరిగి వచ్చిన రోజున గున్నేశ్వరరావు, హేమశ్రీ, మురళీకృష్ణ స్టోర్సులో కూర్చున్నారు. పది గ్రాముల పొడి తూచి, నీళ్లలో గంటసేపు కలిపి, వడకట్టి, ఆరబెట్టి మళ్లీ తూచాలి. హేమశ్రీ ఆ పద్ధతంతా కాగితం మీద రాసి గోడకి అంటించింది. కింద మీ పేరు పెట్టనా అని అడిగితే గున్నేశ్వరరావు కస్సుమన్నాడు.

మురళీకృష్ణ గ్లాసు వెలుతురుకి పట్టి చూస్తున్నాడు. పొడి అంతా అడుక్కి దిగి తెల్లగా పేరుకుంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి.

"ఎంత కరిగిందయ్యా?"

"ఏమీ కరగలేదండి."

"మంచిదేగా. మరి ఆ ఏడుపు మొహం ఏంటి?"

"ఏమోనండి మేస్త్రిగారూ. చిన్నప్పట్నించీ చూసిన కళ్లు కదండీ. అడుగున ఇంత మిగిలితే, మనల్ని ఎవడో మోసం చేశాడనిపిస్తుందండి."

గున్నేశ్వరరావు గ్లాసు అందుకుని తిప్పి చూశాడు.

"నాకూ అలాగే ఉందయ్యా," అన్నాడు విసుగ్గా. "దించు బస్తాలు."